నిలవని ఎక్కాలు: గర్భంలో మద్యం సోకిన తొమ్మిదేళ్ల బాబు కేస్ స్టడీ

కోనసీమలో పిల్లల ఎదుగుదల, చదువు సమస్యలు చూసే డాక్టర్ని నేను. ఈ కేసు తల్లి అనుమతితో రాస్తున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఈ బాబుకి ఉన్న సమస్య వైద్యశాస్త్రానికి కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో పాల్ లెమోయిన్ అనే పిల్లల డాక్టరు 1968లోనే, తాగుడు అలవాటున్న తల్లిదండ్రులకి పుట్టిన 127 మంది పిల్లల గురించి రాశాడు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ దీన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అన్నారు, అంటే తల్లి తాగిన మద్యం వల్ల గర్భంలోనే బిడ్డకి వచ్చే లోపాల సముదాయం. అయినా మన డెల్టాలో ఆ పేరు కేసు షీటు మీద కనిపించదు. మనం తల్లిని అడగకపోవడమే దీనికి కారణమని నా గట్టి నమ్మకం. మన ఆడవాళ్లు తాగరు అనుకుంటాం. అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమోనని జంకుతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద మద్యం తాగే ఆడవాళ్లు 100కి సుమారు ఒకరేనని తేలిన మాట నిజమే. అయితే ఆ ఒక్కరు అన్ని ఇళ్లల్లోనూ సమానంగా ఉండరు. ఒళ్లు హూనమయ్యే పని ఉన్నచోట, సాయంత్రమయ్యేసరికి కల్లు కుండ దిగేచోట ఎక్కువమంది ఉంటారు.

ఎందుకు తీసుకొచ్చారు

2024 డిసెంబరులో బాబుని అమ్మమ్మ తీసుకొచ్చింది. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ల రెండు నెలలు. గోదావరి లంకలోని ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. టీచరు రాసిచ్చిన చీటీలో ఇలా ఉంది: గుణింతాలు రావు, కూడికలు రావు, ఒకచోట కూర్చోడు, అబద్ధాలు ఆడతాడు, పక్క పిల్లల వస్తువులు తీస్తాడు.

అమ్మమ్మ కొబ్బరి పీచు మిల్లులో పనిచేస్తుంది. ఆవిడ చెప్పిన సంగతులు చీటీ కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. "పొద్దున్న రెండో ఎక్కం అప్పజెప్తాడండి. మధ్యాన్నం అడిగితే ఎప్పుడూ విననట్టు చూస్తాడు. కావాలని చేస్తున్నాడని రెండు తగిలిస్తానండి. తగిలించినా అంతేనండి డాక్టరమ్మా." కొట్టుకి పంపి మూడు వస్తువులు తెమ్మంటే ఒకటి తెస్తాడు. ఎంత ఇచ్చాడో, ఎంత తిరిగొచ్చిందో తెలీదు. చొక్కా గుండీలు ఇప్పటికీ ఆవిడే పెట్టాలి. అర్ధరాత్రి దాటినా నిద్రపోడు. పెద్ద కుర్రాళ్లు ఏం చెబితే అది చేస్తాడు. ఆమధ్య ఎవరిదో సైకిలు తీసుకురమ్మంటే తెచ్చాడు. దొరికిపోయాక ఎవరు పంపారో చెప్పలేక, జరగనివి జరిగినట్టు చెప్పుకొచ్చాడు. ఊళ్లో దొంగ అనే పేరు అప్పుడే పడింది.

తల్లి నాలుగేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. తండ్రి తాగుడు మానలేదు, వేరే ఊళ్లో ఉంటాడు, పండగలకి వస్తాడు. బడిలోనూ వీధిలోనూ అందరూ అనేది ఒకటే: తల్లి దగ్గర లేక పిల్లాడు ఇలా అయ్యాడు. గల్ఫ్ వెళ్లిన తల్లులందరి మీదా మన ప్రాంతంలో ఈ మాట పడుతూనే ఉంటుంది. ఈ బాబు విషయంలో మాత్రం అది నిలబడదు. తల్లి ఇంట్లో ఉన్న రోజుల్లోనే, మూడేళ్లు వచ్చినా వీడు రెండు మాటలు కలిపి అనేవాడు కాదు. పైగా వీడికి ఆరేళ్ల చెల్లెలుంది. అదే అమ్మమ్మ, అదే ఇల్లు, అదే లోటు. ఆ పిల్ల ఒకటో తరగతిలో కథల పుస్తకం కూడబలుక్కుని చదువుతోంది.

అంతకుముందు వేరేచోట చూపిస్తే ఎదిగితే సర్దుకుంటుందని చెప్పి, జ్ఞాపకశక్తికని టానిక్కులు రాశారు. నెలనెలా పీచు మిల్లు కూలీలో కొంత ఆ సీసాలకే పోయింది.

పరీక్షలో కనిపించింది

ఎత్తు 117 సెంటీమీటర్లు, బరువు 18.5 కిలోలు. ఈ వయసు మగపిల్లాడు సగటున 132, 133 సెంటీమీటర్ల ఎత్తు, 28 కిలోల బరువు ఉంటాడు. మన దగ్గర పొట్టిగా, బక్కగా ఉండే పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి అంతవరకే అయితే తిండి లోటు అనుకోవచ్చు. తల చుట్టుకొలత చూశాక అలా అనుకోలేకపోయాను. 48.5 సెంటీమీటర్లే ఉంది. 50 దాటి ఉండాలి. తిండి చాలనప్పుడు ముందు బరువు దెబ్బతింటుంది, తర్వాత ఎత్తు. తల ఎదుగుదలను శరీరం చివరిదాకా కాపాడుకుంటుంది. తల కూడా చిన్నదిగా ఉందంటే మూలం బాగా వెనక్కి, పుట్టకముందుకి వెళ్తుందేమోనని చూడాలి. అమ్మమ్మ పాత ప్లాస్టిక్ సంచిలో దాచిన తల్లీబిడ్డల కార్డు ఆ అనుమానాన్ని బలపరిచింది. నెలలు నిండాకే పుట్టాడు, బరువు 1.9 కిలోలు. కార్డులో బీపీ, రక్తం, బరువు గడులన్నీ శ్రద్ధగా నింపి ఉన్నాయి. మద్యం ఊసు ఎక్కడా లేదు.

తర్వాత ముఖం. ఈ సిండ్రోమ్‌లో మూడు గుర్తులు చూస్తాం. కంటి చీలిక పొడవు తక్కువగా ఉండటం, ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉండే గాడి చదునుగా ఉండటం, పై పెదవి పలచగా ఉండటం. గాడినీ పెదవినీ 1 నుంచి 5 వరకు అంకెలున్న ఫొటో పట్టీతో పోల్చి చూస్తారు. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఆ పట్టీ రెండు రకాలుగా దొరుకుతుంది, ఒకటి తెల్లవాళ్ల ముఖాలతో, రెండోది నల్లజాతి అమెరికన్ల ముఖాలతో. మన ముఖాలతో చేసింది కాదు. అందుకని నేను పట్టీ ఒక్కదాన్నే నమ్మను, ఇంట్లో వాళ్లందరి ముఖాలూ చూస్తాను. తల్లిదండ్రుల పెళ్లి ఫొటో తెప్పించాను, చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టాను. తల్లికీ తండ్రికీ చెల్లెలికీ గాడి లోతుగా ఉంది, పెదవి నిండుగా ఉంది. బాబుకి గాడి దాదాపు చెరిగిపోయినట్టుంది, రెంటికీ 4వ అంకె వేశాను. కంటి చీలిక 22 మిల్లీమీటర్లు, వయసుకి బాగా తక్కువ. ముఖాన్ని బట్టి తల్లి మీద ముద్ర వేయకూడదు. ఆమెను అడగాల్సిన అవసరం ఉందని మాత్రం ఇవి చెబుతాయి.

మిగతా కారణాలు ఒక్కొక్కటే తీసేయాలి. థైరాయిడ్ బాగానే ఉంది. క్రోమోజోముల పరీక్ష, ఫ్రాజైల్ ఎక్స్ (పుట్టుకతో బుద్ధి ఎదుగుదలని తగ్గించే ఒక జన్యులోపం) పరీక్ష ఖర్చయినా చేయించాం, రెండూ మామూలుగానే వచ్చాయి. తల్లి ఫిట్స్ మందులేవీ వాడలేదు. కొన్ని ఫిట్స్ మందుల వల్ల కూడా బిడ్డ ముఖం కొంత ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఆ ప్రశ్న తప్పనిసరి. గుండె స్కాన్‌లో తేడా లేదు. హిమోగ్లోబిన్ 9.1, రక్తహీనత ఉంది. ఎడమ చెవిలో చీము, కొద్దిగా వినికిడి తగ్గింది. దూరపు చూపు తక్కువ, కళ్లజోడు కావాలి. బోర్డు మీద రాసింది సగం కనపడక, టీచరు చెప్పింది సగం వినపడక కూర్చున్న పిల్లాడిని మొండివాడు అన్నారు. అది నన్ను బాగా బాధపెట్టింది. ఎంఆర్ఐ తీయించలేదు. ఈ నిర్ధారణకి అది తప్పనిసరి కాదు, తీసినా చికిత్సలో మారేదేమీ లేదు. ఆ డబ్బు కళ్లజోడుకీ గుడ్లకీ ఉపయోగపడుతుంది.

క్లినికల్ సైకాలజిస్టు చేసిన మాలిన్ తెలివితేటల పరీక్షలో మొత్తం ఐక్యూ 73 వచ్చింది. అంకెలు విని తిరిగి చెప్పడం, లెక్కలు, ఈ రెండింట్లో మరీ తక్కువ. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలడో కొలిచే వైన్‌ల్యాండ్ స్కేలులో 58. ఈ తేడా ముఖ్యం. గర్భంలో మద్యం సోకిన పిల్లల్లో ఐక్యూ సూచించే దానికంటే రోజువారీ జీవితం ఎక్కువ కష్టంగా నడుస్తుంది. మాట్లాడుతుంటే చురుగ్గానే కనిపిస్తారు. అందుకే పెద్దలు వాళ్ల నుంచి ఎక్కువ ఆశిస్తారు, చేయలేకపోతే కావాలని చేయట్లేదని కోప్పడతారు. ఈ బాబు కూడా గలగలా మాట్లాడతాడు. రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎన్నింటికి వస్తుందో, దాన్ని ఎవరు నడుపుతారో నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. అంత మాటకారి రెండు అంకెలు కూడలేడంటే టీచరు నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తల్లితో మాట్లాడటం

శుక్రవారం ఆవిడకి కాస్త తీరిక దొరుకుతుందంటే అప్పుడు వాట్సాప్ వీడియో కాల్‌లో మాట్లాడాం. అమ్మమ్మని, పిల్లల్ని బయట కూర్చోమన్నాను. ఈ సంభాషణ అత్తగారి ముందో, భర్త ముందో, కన్నతల్లి ముందో జరిగితే నిజం బయటికి రాదు.

"తాగే అలవాటు ఉందా" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. ఈవిడా అదే అంది, అబద్ధం చెప్పాలని కాదు. ఒళ్లునొప్పులకి సాయంత్రం పుచ్చుకునే కల్లుని ఆవిడ తాగుడు లెక్కలో వేసుకోలేదు. అందుకే నేను అలవాటు గురించి అడగను. ఆ ఏడాది గురించి అడుగుతాను. పండగల్ని పట్టుకుని నెలలు లెక్కపెట్టిస్తాను. మన ఆడవాళ్లకి తేదీలు గుర్తుండకపోవచ్చు గానీ పండగకి ఎక్కడున్నదీ, కడుపుతో ఎన్నో నెలన్నదీ మరిచిపోరు.

"ఆ ఏడు సంక్రాంతికి ఎక్కడున్నావమ్మా?"

"బట్టీ దగ్గరేనండి. గోదారి గట్టు మీద ఇటుక బట్టీ. నేనూ మా ఆయనా జంటగా వెళ్లామండి. పండక్కే ఆఖరి ముట్టండి."

"మరి పుష్కరాలకి?"

"ఆరో నెలండి. రాజమండ్రిలో తొక్కిసలాట అయిందని మా అమ్మ వెళ్లనివ్వలేదండి. దసరాకి పుట్టాడండి."

2015 పుష్కరాలు జులై 14న మొదలయ్యాయి. ఆ ఏడు విజయదశమి అక్టోబరు 22. సంక్రాంతి ముట్టు నుంచి లెక్కేస్తే ప్రసవం సరిగ్గా అక్కడికే వస్తుంది. ఏ లాబ్ రిపోర్టూ ఇంత స్పష్టంగా ఉండదు.

తర్వాత పని గురించి, తిండి గురించి అడిగాను. చీకటితో లేచి మట్టి తొక్కడం, పచ్చి ఇటుకలు మోయడం, మధ్యాన్నం చద్దన్నం. అప్పుడు ఆవిడ బరువు 42 కిలోలు, కార్డులో ఉంది. "పని అయ్యాక అలుపు తీరడానికి కల్లు పుచ్చుకునేవాళ్లా?" అని మామూలుగా, కూరేం వండుకునేవాళ్లని అడిగినంత మామూలుగా అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది: "ఆయన తెచ్చేవారండి. రోజూ ఒక బీరు సీసాడు. అది పడితే గానీ నడుం నిలబడేది కాదండి. బట్టీలో అందరం తాగేవాళ్లమండి. శనివారం బట్వాడా ఇచ్చాక క్వార్టర్ తెస్తే అందులో సగం నాకు పోసేవారు." కడుపుతో ఉన్నానన్న అనుమానం ఉగాదికి వచ్చిందట. కల్లు చలవ చేస్తుందిలే అని పక్క గుడిసెలో పెద్దావిడ అంటే మానలేదు. జూన్‌లో వానలు పడి బట్టీ ఆగాక పుట్టింటికి వచ్చేసింది, అక్కడితో ఆగిపోయింది. పుట్టాక జలుబు చేసినప్పుడల్లా వెచ్చదనానికని రెండు చుక్కల బ్రాందీ బాబు నాలుక మీద వేసేవాళ్లని కూడా చెప్పింది. చెల్లెలు కడుపులో పడేనాటికి ఈవిడ బట్టీ పని వదిలేసి తల్లి దగ్గర ఉంది, ఆ కాన్పులో కల్లు ముట్టలేదు.

లెక్క వేశాను. చెట్టు మీద కుండలోనే కల్లు పులవడం మొదలవుతుంది. సాయంత్రానికి బీరుకి తక్కువేమీ కాదు, 100కి 4, 5 పాళ్లు ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములకి పైగా శుద్ధ ఆల్కహాల్ అన్నమాట. 42 కిలోల మనిషి ఖాళీ కడుపున గబగబా తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములు దాటొచ్చు. బండి నడిపేవాళ్లకి చట్టం పెట్టిన హద్దు 30. అమెరికా మనోవైద్యుల 2013 నాటి డీఎస్ఎం-5 పుస్తకంలో, గర్భంలో మద్యం వల్ల వచ్చే ఎదుగుదల సమస్యకి నెలకి 13 డ్రింకుల లెక్కను స్వల్ప మోతాదుకి పై హద్దుగా పెట్టారు. వాళ్ల డ్రింకు 14 గ్రాములు. ఈ తల్లి లెక్క నెలకి 50 దాకా వస్తుంది, శనివారాల బ్రాందీ కలపకుండానే.

లోపల ఏం జరిగింది

తల్లి రక్తంలోని ఆల్కహాల్‌ని మాయ ఆపలేదు. కొద్దిసేపట్లోనే బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. తల్లి కాలేయం దాన్ని విరగ్గొడుతుంది, పిండం కాలేయానికి ఆ శక్తి చాలదు. పైగా ఉమ్మనీటిలో చేరిన ఆల్కహాల్‌ని బిడ్డ మళ్లీ మింగుతూ ఉంటుంది. తల్లి మత్తు దిగిపోయాక కూడా బిడ్డ అందులోనే ఉంటుంది.

ముఖం ఏర్పడే కణాలు ఆల్కహాల్‌కి చాలా సుకుమారమైనవి. మనిషి లెక్కలో పిండం పడ్డాక మూడో వారానికి సరిపోయే దశలో మద్యం తగిలితే ఈ మూడు గుర్తులూ వస్తాయని 1981లో క్యాథ్లీన్ సులిక్ ఎలుకల మీద చూపించింది. ఈ తల్లి లెక్కలో మూడో వారం అంటే 2015 శివరాత్రి రోజులు, ఫిబ్రవరి 17 చుట్టుపక్కల. కడుపు నిలిచిందని ఆవిడకి ఇంకా తెలియనే తెలియదు. ఆ కొద్ది రోజులు తప్పి, మిగతా నెలల్లో తాగిన తల్లుల పిల్లలకి ముఖం మామూలుగానే ఉండి, మెదడు మాత్రం దెబ్బతిని ఉంటుంది. అలాంటివాళ్లే ఎక్కువ, వాళ్లని పట్టుకోవడమే అసలు కష్టం.

ఆ తర్వాతి నెలల్లో మెదడు కణాలు పుట్టినచోటు నుంచి తమ తమ స్థానాలకి ప్రయాణిస్తాయి. కుడి ఎడమ భాగాల్ని కలిపే కార్పస్ కలోసమ్ అనే నరాల కట్ట మూడో నెల నుంచి అయిదో నెల మధ్య రూపు దిద్దుకుంటుంది. ఈ పిల్లల్లో అది సన్నగా ఉండటం, ఒక్కోసారి అసలు లేకపోవడం చూశారు. చిన్నమెదడు దెబ్బతింటే నడకలో తూలుడు, చేతిరాతలో తడబాటు. ఈ బాబు గీత మీద మడమకి బొటనవేలు ఆనించి నాలుగడుగులు వేయలేడు. పొద్దున్న నేర్చుకున్నది మధ్యాన్నానికి దాచి ఉంచాల్సిన హిప్పోకాంపస్, ఒక పని మధ్యలో రెండోది గుర్తుపెట్టుకునే ముందుభాగం, ఇవి కూడా దెబ్బతినే చోట్లే. కణాలు ఒకదానితో ఒకటి అతుక్కునే చివరి నెలల్లో ఆల్కహాల్ ఒక రకం సంకేతాల్ని అడ్డుకుని, ఇంకో రకాన్ని మితిమీరి పెంచుతుంది. సంకేతం అందని కణం తనంతట తానే చచ్చిపోతుంది. ఈ దశ పుట్టిన తర్వాత కూడా కొంతకాలం సాగుతుంది. అందుకే నాలుక మీద బ్రాందీ చుక్కల విషయంలో నేను మొహమాటపడను. జలుబుకి అది చేసే మేలు ఏమీ లేదు.

లెక్కల మీద దెబ్బ ఎక్కువగా పడటం ఈ పిల్లల్లో పదే పదే కనిపించింది. ఎక్కువ తక్కువల అంచనా, డబ్బు, టైము అన్నీ దీని కిందికే వస్తాయి. కల్పించి చెప్పడం కూడా ఇలాంటిదే. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోట తోచింది పెట్టి చెబుతారు. ఎవరినీ మోసం చేయాలనే ఉద్దేశం అందులో ఉండదు.

అన్నీ కలిపి చూసి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని నిర్ధారించాం. దానికి తోడు ఏకాగ్రత లోపం, రక్తహీనత, చూపు, చెవి సమస్యలు.

తల్లికి చెప్పడం

ఈ కేసులో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. ఆవిడ మొదట అడిగింది: "అయితే నేనే చేశానా అండి?" నేను కాదని చెప్పలేదు, అవునని వదిలేయనూ లేదు. "నీకు తెలియదమ్మా. చెప్పాల్సిన మేం చెప్పలేదు. కార్డు నింపినవాళ్లు ఎవరూ అడగలేదు. జూన్‌లో నువ్వు మానేసిన దగ్గర్నుంచి వాడి మెదడుకి మేలే జరిగింది, ఆ చివరి నెలలు చాలా ముఖ్యం" అన్నాను. ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఏ నెలలో మానేసినా అక్కడి నుంచి జరగబోయే నష్టం ఆగుతుంది.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది, చాలా సరైన ప్రశ్న. బట్టీలో తనతో పాటు తాగిన ఇద్దరి పిల్లలు బాగానే చదువుకుంటున్నారు, మరి వాళ్లకెందుకు రాలేదు? గర్భంతో ఉండి తాగిన 13 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకి ఈ కోవ సమస్య వస్తుందని 2017లో వచ్చిన ప్రపంచ అంచనా. ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువులు మనిషి మనిషికీ వేరు. తల్లి బరువు, రక్తహీనత, కడుపులో తిండి, వయసు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒకే గర్భంలో పెరిగిన కవలల్లో కూడా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ దెబ్బ తగలడం చూశారు. పక్కింటి బిడ్డ బాగున్నాడని కల్లు క్షేమమని అనుకోలేం. ఇంత వరకైతే పర్వాలేదని చెప్పగలిగే మోతాదు ఎవరికీ దొరకలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భంలో అసలు వద్దనే చెబుతోంది.

తండ్రి విషయం కూడా రాయాలి. సీసా తెచ్చింది ఆయన. నింద మాత్రం ఆడమనిషి మీదే పడుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన్ని పిలిపించాను. కోడిపందేల దగ్గర సరదాకి కొడుకు చేత ఒక గుక్క తాగించిన సంగతి అప్పుడు బయటపడింది. ఈ పిల్లలు పెద్దయ్యాక తాగుడుకి బానిసలయ్యే ప్రమాదం మామూలు పిల్లల కంటే ఎక్కువ. వీడి ముందు గ్లాసు పెట్టొద్దని చెప్పాను. తలూపి వెళ్లాడు. ఆయన మీద నాకు పెద్ద ఆశ లేదు. అందుకే ఆ బాధ్యత అమ్మమ్మకీ మేనమామకీ అప్పగించాను.

ఏం చేశాం

ముందు సులువుగా సరిదిద్దగలిగినవి. ఐరన్, నులిపురుగుల మందు, చెవికి చికిత్స, కళ్లజోడు, రోజూ గుడ్డు. ఏకాగ్రతకి మిథైల్‌ఫెనిడేట్ వెంటనే మొదలుపెట్టలేదు. అది ఆకలి తగ్గిస్తుంది, వీడి బరువుకి ఆ నష్టం తట్టుకోలేడు. నిద్రకి సెల్‌ఫోన్ తీసేసి, ఒకే వేళకి స్నానం, అన్నం, పడక అలవాటు చేశారు. బరువు 20 కిలోలు దాటాక మిథైల్‌ఫెనిడేట్ పొద్దున్నపూట 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. ఈ పిల్లల్లో ఆ మందు అందరికీ ఒకేలా పనిచేయదు. వీడు కూర్చోగలుగుతున్నాడు. జ్ఞాపకశక్తికి మాత్రం మందు లేదు. టానిక్కులు ఆపించాను.

బడి విషయంలో టీచరుకి చాలా రుణపడి ఉన్నాం. సంగతి తెలిశాక ఆవిడ కొట్టడం మానేసింది, పద్ధతి మార్చింది. ఒకసారి ఒకే మాట చెబుతుంది. చెప్పాక వాడి చేత తిరిగి అనిపిస్తుంది. ముందు బెంచీ, రోజూ అదే చోటు. నిన్న నేర్పినది ఇవాళ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, విసుక్కోదు. ఎక్కాలు పక్కన పెట్టేసి వస్తువులతో లెక్క మొదలుపెట్టాం. అమెరికాలో ఈ పిల్లల కోసమే తయారుచేసి పరీక్షించిన లెక్కల కార్యక్రమం ఒకటుంది. పట్టుకుని చూడగలిగే వస్తువులు, నిలువు అంకెల గీత, నెమ్మదిగా ఆలోచించే అలవాటు, ఇంట్లో పెద్దలకి శిక్షణ అందులో ఉంటాయి. మేం దాన్ని ఇక్కడికి తగ్గట్టు మార్చుకున్నాం. పీచు మిల్లు ఆవరణలో కాయలు అయిదేసి కుప్పలు పెట్టించడం, కొట్టుకి ఒక్క వస్తువు కోసం, సరిపడా చిల్లరతో పంపడం, వస్తువు బొమ్మ గీసిన కాగితం చేతిలో పెట్టడం. అంకెల గీత ఇంటి తలుపు మీద సుద్దతో కింది నుంచి పైకి గీశారు. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరు వారానికోసారి చూస్తోంది.

వైకల్య సర్టిఫికెట్ దగ్గర చిక్కు వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఈ సిండ్రోమ్ పేరు వాటిలో లేదు. నిర్దిష్ట అభ్యసన లోపం కింద వెళ్దామంటే 2018 మార్గదర్శకాలు ఐక్యూ 85 పైన ఉండాలన్నాయి. బుద్ధిమాంద్యం కింద అంటే 73 కొంచెం ఎక్కువ. ఇలాంటి పిల్లలు ఈ రెంటి మధ్య జారిపోతారు. రోజువారీ పనుల స్కోరు 58 ఉందన్న సంగతిని వివరంగా రాసి, గుండీలు, చిల్లర, సైకిలు సంఘటన అన్నీ ఉదాహరణలుగా జతచేసి మెడికల్ బోర్డుకి పంపాను. మళ్లీ పరీక్షించాలన్న షరతుతో 50 శాతం వైకల్యం ఉన్నట్టు ఇచ్చారు. కనీసం 40 ఉంటేనే సౌకర్యాలు, పింఛను వర్తిస్తాయి కాబట్టి ఈ కుటుంబానికి అది పెద్ద ఊరట. ఇలాంటి కేసుల్లో ఐక్యూ అంకె ఒక్కటే రాసి పంపొద్దని తోటి డాక్టర్లని కోరుతున్నాను.

పది నెలల తర్వాత చూస్తే బరువు 21.5 కిలోలు. తల చుట్టుకొలత మారలేదు. 20 లోపు కూడికలు కాయలతో చేస్తాడు, కాయలు లేకుండా పది లోపు. గుణింతం లేని మాటలు చదువుతున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి నిద్రపోతున్నాడు. తరగతి పిల్లల్ని అందుకోలేదు, అందుకుంటాడని నేను మాట ఇవ్వలేదు. 1996లో ఆన్ స్ట్రెయిస్‌గత్ బృందం ఈ సమస్యతో ఉన్న 415 మందిని పరిశీలించినప్పుడు, ఆరేళ్ల లోపు నిర్ధారణ కావడం, నిలకడైన ఇల్లు దొరకడం, ఈ రెండూ ఉన్నవాళ్లు పెద్దయ్యాక పోలీసు గొడవలు, తాగుడు లాంటి వాటి నుంచి ఎక్కువగా తప్పించుకోగలిగారని తేలింది. మొదటిది వీడికి దక్కలేదు. రెండోది ఆ అమ్మమ్మ ఇస్తోంది.

ఇప్పుడు నా టెన్షన్ ఆరో తరగతి గురించి. లంక దాటి హైస్కూలుకి వెళ్లాలి, సబ్జెక్టుకో టీచరు, గంటకో గది, రేవు దగ్గర పెద్ద కుర్రాళ్లు. హైస్కూలు హెడ్మాస్టరుకి ముందే చూపించడానికి ఒక పేజీ రాసిచ్చాను. వాడికి ఏది వచ్చు, ఏది రాదు, కల్పించి చెబితే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని అందులో ఉంది. తల్లి వచ్చే ఏడాది వీసా అయ్యాక తిరిగి వెళ్లకూడదనుకుంటోంది. ఆ ఊరి ఆశా కార్యకర్తతో కూడా మాట్లాడాను. బట్టీ నుంచి వచ్చే ఏ గర్భిణినైనా, నెల తప్పిన మొదటి పలకరింపులోనే, పండగల లెక్కతో కల్లు గురించి అడుగుతానంది. అలా అడిగితే ఇద్దరు చెప్పారు, ఇద్దరూ మానేశారు.